ఎక్కడి నుంచి లెక్కపెట్టాలె?

తెల్లారడానికి ఇంకా గంట పైనే ఉంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. రేకుల ఇంట్లో, ముందరి గదిలో, నులక మంచం పక్కన మనం నిలబడి ఉన్నాం. మంచం మీద పెద్దమ్మ కళ్లు మూసుకొని ఉంది గాని నిద్రలో లేదు. కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే మడిచి విప్పుతోంది. వేళ్లయ్యాక మణికట్టు, తర్వాత మోచెయ్యి. మోచెయ్యి సగం దూరం వెళ్లి ఆగిపోయింది. అది అక్కడిదాకే వస్తుంది.

ఇంటి దూలానికి పాత నేత చీరొకటి వేలాడుతోంది. దానికి మూడు ముళ్లు. పెద్దమ్మ ముందు పక్కకు ఒత్తిగిలి, కింది ముడి దొరకబుచ్చుకుంటుంది. కాళ్లు మంచం దించి, నడిమి ముడి పట్టుకొని కూర్చుంటుంది. ఇక్కడ చాలాసేపు ఆగుతుంది. తొందరపడితే నడుము పట్టేసి మళ్లీ పడుకోబెడుతుందని ఆమెకు తెలుసు. పై ముడి అందుకొని లేచి నిలబడేసరికి నుదుటి మీద చెమట పట్టింది. నిలబడటమంటే నిటారుగా కాదు. వెన్ను ముందుకు వంగి అలాగే బిగుసుకుపోయింది. మెడ పక్కలకు తిరగదు. గుమ్మంలో ఎవరో నిలబడ్డారని తెలిస్తే మనిషంతా తిరిగి చూడాలి. అందుకే ఊళ్లో అందరినీ అడుగుల చప్పుడుతోనే గుర్తుపడుతుంది.

గోడ అవతల నుంచి గొంతు వినిపించింది.

"ఎట్లుందమ్మా?"

"నిన్నటి లెక్కనే. నీకు?"

"నిన్నటి కంటె జర నయం."

కొడుక్కి ముప్ఫై దాటి చాలా ఏళ్లయింది. మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. సెంటర్‌లో జిరాక్స్, మొబైల్ రీచార్జి దుకాణం నడుపుతాడు. పొద్దున్నే ఈ రెండు మాటలు మాట్లాడుకోవడం ఈ ఇంట్లో మొదటి నుంచీ లేదు. ఏళ్లకేళ్లు తన మూలుగు కొడుక్కి వినపడకూడదని ఆమె కొంగు నోట్లో కుక్కుకునేది. తన మూలుగు తల్లికి వినపడకూడదని అతను టీవీ సౌండు పెంచేవాడు. ఇద్దరికీ ఇద్దరి సంగతీ తెలుసు. ఒక రాత్రి అతనే గోడ మీద తట్టి, "మేల్కతోనే ఉన్నవా?" అన్నాడు. "ఊఁ" అంది. "యాడ?" "నడుముల. నీకు?" "మోకాలు." ఆ రాత్రి ఇద్దరికీ నొప్పేమీ తగ్గలేదు. దాచుకునే పని మాత్రం తప్పింది.

"నొప్పి మొయ్యనీకి ఎంత బలం కావాల్నో, దాసనీకి అంతకు రెండింతలు కావాలె బిడ్డా" అంటుంది పెద్దమ్మ.

*

వెలుగొచ్చింది. వాకిట్లోకి రండి. నల్లా తిప్పితే నీళ్లు వస్తున్నాయి, కృష్ణ నీళ్లు. స్టీలు బిందె కింద పెట్టదు, వంగలేదు గనక. ఎత్తుగా కట్టిన గట్టు మీద చిన్న ప్లాస్టిక్ బకెట్టు పెట్టి, సగం నిండగానే కట్టేస్తుంది. సగం బకెట్టు ఇంట్లో పోసి మళ్లీ వస్తుంది. రెండు బకెట్ల మధ్య అరుగు మీద కూర్చుంటుంది.

మూల మలుపులో పాత బోరింగు కనబడుతోంది చూశారా? హ్యాండిల్ ఊడిపోయింది, ఒంటి మీద ఎర్ర రంగు పట్టెలు వెలిసిపోయాయి. తాగొద్దని గుర్తుగా వేసిన రంగు అది. ఆ రంగు పడేనాటికే ఊరు ఎన్నో ఏళ్లుగా ఆ నీళ్లు తాగుతోంది.

ఈ నేల కింద గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడ్ ఖనిజాలు నీళ్లలోకి దిగుతాయి. నీళ్లలో కాల్షియం తక్కువైన చోట ఇంకా ఎక్కువ దిగుతాయి. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా సహించొచ్చు. ఈ ప్రాంతపు బోర్లలో చాలావాటిలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. చూడ్డానికి తేటగా, తాగడానికి చల్లగా ఉండే నీళ్లు. ఏ వాసనా లేదు, అనుమానించడానికి ఏమీ లేదు. ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్ ఎముకలో తిష్ఠ వేస్తుంది. ఎముక చిక్కబడుతుంది, బరువెక్కుతుంది, కాని పెళుసుబారుతుంది. ఎముకల్ని కలిపి ఉంచే స్నాయువులు సున్నం పట్టి గట్టిపడతాయి. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వెన్నుపాము పోయే దారి ఇరుకైతే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి చచ్చుబడతాయి. ఎదిగే పిల్లలకైతే కాళ్లు వంకర్లు పోతాయి, పళ్ల మీద గోధుమరంగు గారలు తేలతాయి.

ఇదేదో నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. దేశంలో ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి వైపు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1945లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో తయారుచేస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే వాడారు. జిల్లా పేరు అంత దూరం వెళ్లింది. పెద్దమ్మ వాకిట్లోకి మంచినీళ్లు వచ్చింది మాత్రం ఆమె నడుము వంగిపోయాకే.

"కోపం రాదా?" అని మీకు అడగాలనిపిస్తుంది. అడగండి. ఆమెకు ఆ ప్రశ్న కొత్త కాదు.

"వస్తది. ఎవరి మీద రావాలె? రాయి మీదనా, సర్కారు మీదనా? అందరి మీద తిరిగి తిరిగి ఆఖరికి నా మీదికే వస్తది. పొల్లగానికి నేనే తాపిన గద. ఈ చేతుల్తోటి తోడి, కాగబెట్టి మరీ తాపిన."

కాగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలిన నీళ్లు ఇంకా చిక్కబడతాయి. డాక్టరెవరో ఆ సంగతి చెప్పిన తర్వాత పెద్దమ్మ కొన్నాళ్లు అన్నం సరిగా తినలేదట. ఒంటి నొప్పికన్నా ఎక్కువగా తనను తినేసింది అదేనంటుంది. ఆ బరువు కొంత దించింది కూడా కొడుకే. "ఆ నీళ్లు తాపకుంటే దూపకు సచ్చేటోన్ని. బతికించినవ్ గద" అన్నాడట. అంతటితో తప్పు చేశానన్న బాధ పోయిందని ఆమె అనదు. వచ్చినప్పుడల్లా ఆ మాట దానికి ఎదురు చెబుతానంటుంది.

*

పదిన్నర అయింది. బడి ఆవరణలో మెడికల్ క్యాంపు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు, బీపీ మిషను, మందుల అట్టపెట్టెలు. వరుసలో నిలబడ్డవాళ్లను చూడండి. ఒకాయన రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి నడుస్తున్నాడు. ఒకామె కుర్చీలో కూర్చుందంటే ఇద్దరు లేపాలి. ఇక్కడ ఎవరూ ఎవరికీ తమ నొప్పిని రుజువు చేసుకోనక్కర్లేదు. పట్నంలో ఉండే నొప్పుల మనుషులు మొదట ఓడిపోయేది అక్కడే: "చూడ్డానికి బాగానే ఉన్నావుగా" అన్న మాట దగ్గర. ఈ ఊళ్లో ఆ మాట ఎవరూ అనరు. కాని దానికింకో వైపు ఉంది. ఊరందరిదీ నొప్పే గనక ఏ ఒక్కరి నొప్పీ విశేషం కాదు. "అందరికీ ఉన్నదే" అంటారు. ఆ మాట ఒక పూట ఓదారుస్తుంది, ఒక పూట నోరు మూయిస్తుంది.

కుర్చీలో కూర్చున్న డాక్టరమ్మ చిన్నపిల్ల, చదువు ముగించి ఎక్కువ కాలం కాలేదు. ముందున్న కాగితం మీద గీతకు ఒక కొసన సున్నా, ఇంకో కొసన పది.

"అమ్మా, సున్నా అంటే నొప్పి అసలే లేదన్నట్టు. పది అంటే ఇక భరించలేనంత. ఇవాళ మీకు ఎంత?"

పెద్దమ్మ కాగితం వంక చూసింది. డాక్టరమ్మ ముఖం చూడాలని కుర్చీతో సహా కొంచెం జరిగింది.

"సున్నా ఎట్లుంటదో యాదికి లేదు బిడ్డా. ఎక్కడి నుంచి లెక్కపెట్టాలె?"

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది.

ఈ జిల్లాకు ఇంకో సున్నా ఉంది. 2014లో తెలంగాణలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు 967. మిషన్ భగీరథ నీళ్లొచ్చాక, 2020 నాటికి ఆ సంఖ్య సున్నా అయిందని కేంద్రం లెక్క తేల్చింది. అది చిన్న విషయం కాదు. నిజమైన మేలు. ఈ బడిలో ఆడుకునే పిల్లల పళ్లు చూస్తే తెలుస్తుంది. కాని ఆ సున్నా నీళ్లది, మనుషులది కాదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ బయటికి రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. గట్టిపడ్డ స్నాయువు మళ్లీ మెత్తబడదు. దీన్ని వెనక్కి తిప్పే మందు లేదు. ఈ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామిని, పట్టుమని రెండడుగులు కదల్లేని ఆ మనిషిని, ఉద్యమకారులు ఢిల్లీ తీసుకెళ్లి అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద పెట్టి చూపించారు. నీళ్ల కోసం ఆయన దేశమంతటికీ ముఖమయ్యాడు. నీళ్లొచ్చాయి. ఆయన ఎముకలు అలాగే ఉన్నాయి. 2023 జనవరిలో పోయాడు.

సదరం సర్టిఫికెట్టు కోసం వెళ్లినప్పుడు కూడా పెద్దమ్మను వంగమన్నారు, చెయ్యి ఎత్తమన్నారు, నడవమన్నారు. పింఛను రావాలంటే వైకల్యం 40 శాతమన్నా తేలాలి. చెయ్యి ఎంత ఎత్తు లేస్తుందన్నది కొలవొచ్చు. అంత ఎత్తు లేపినందుకు రాత్రి ఎంత చెల్లించాలో కొలిచే గడి ఆ ఫారంలో లేదు.

డాక్టరమ్మ తేరుకుంది. "సరే, నిన్నటితో పోలిస్తే ఎట్లుంది?" అనడిగింది.

"గట్లడుగు. నిన్నటికీ ఇయ్యాలకూ తేడా లేదు. మొన్నటికంటె నయం."

ఆమె రాసుకుంది. ఆ రాసుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, నొప్పి గురించి పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు పక్కనే ఒక సంగతి స్పష్టంగా చేర్చింది: మనిషి తనకు నొప్పిగా ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలి. ఎక్స్‌రేలో ఎంత కనబడితే అంతే నొప్పి అనుకునే రోజులు పోయాయి. మూడు నెలలు దాటి సాగిన నొప్పిలో నరాల వ్యవస్థే మారిపోవచ్చు. తాకితే నొప్పి పుట్టనిది కూడా నొప్పి పుట్టిస్తుంది. నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే నొప్పి పెరుగుతుంది, మనసు కుంగుతుంది, కుంగిన మనసు నొప్పిని ఇంకా పెంచుతుంది.

డాక్టరమ్మ గోళీల అట్ట ఇస్తూ, "ఇవి రోజూ వద్దమ్మా, మరీ పట్టలేనప్పుడే" అంది. మొదట్లో ఊళ్లో సూది వేసేవాళ్ల దగ్గర వారానికి రెండేసి నొప్పి సూదులు వేయించుకున్న కాలం పెద్దమ్మకు ఉంది. అవి కడుపులో మంట పెడతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఒంట్లోని ఫ్లోరైడ్‌ను బయటికి పంపాల్సింది ఆ మూత్రపిండాలే. అందుకని ఇప్పుడు అట్టలో గోళీలు లెక్కపెట్టుకొని దాచుకుంటుంది. మిగిలింది తిండి: పాలు, ఆకుకూరలు, చింతపండు చారు. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోతుందని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పిల్లల మీద చేసిన అధ్యయనంలో తేలింది. "చారు మానమంటరేమో అనుకున్న. ఇంకింత పోసుకోమన్నరు" అని నవ్వుతుంది.

*

మధ్యాహ్నం మూడు. అరుగు మీద వేపచెట్టు నీడ. నలుగురు ఆడవాళ్లు చేరారు. ఒకామె చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది, ఒకామె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎవరి చేతికి అందిన పని వాళ్లది. రేపు చండూరులో పెద్దమ్మ చెల్లెలి మనవరాలి పెండ్లి. మాటలు దాని చుట్టూ తిరుగుతున్నాయి.

"పెండ్లిల అందరికంటె ముందు అక్షింతలు మనమే ఎయ్యాలె. ఎందుకంటవా? సగం వంగే ఉంటం గద, చెయ్యి ఎత్తే పనే లేదు" అందొకామె.

"మనూరి దయ్యాలు గూడ వంగే నడుస్తయంట" అంది ఇంకొకామె.

అరుగంతా నవ్వు. పెద్దమ్మ నవ్వుతుంటే నడుం పట్టుకుంది, నవ్వినా నొస్తుంది. అయినా నవ్వింది. ఈ హాస్యం బయటివాళ్లు చేస్తే తగులుతుంది. వీళ్లు చేసుకుంటే ఎవరూ దేన్నీ దాచనక్కర్లేదన్న అర్థం అందులో ఉంటుంది. నొప్పి కబురు వెన్నుపాములో ఒక గడప దాటి పైకి పోవాలని, భయం, దిగులు ఆ తలుపును బార్లా తెరుస్తాయని, మనసు వేరే దాని మీద పడితే అది కొంత మూసుకుంటుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు 1965లో ప్రతిపాదించారు. తర్వాత అందులో చాలా సవరణలు జరిగాయి గాని, మనసుకు ఈ వ్యవహారంలో వాటా ఉందన్న మాట నిలబడింది. మనసుకు వాటా ఉందంటే నొప్పి కల్పితమని కాదు. ఆ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్ల వల్లే చాలామంది నోరు విప్పరు.

నవ్వులు అయ్యాక చిక్కుడుకాయలామె చేతులు ఆగాయి. "ఒక్కోపారి యాష్టకొస్తది వదినె. పండుకున్నది పండుకున్నట్టే పోతె మంచిగుండు అనిపిస్తది."

"అట్లనకు" అని ఎవరూ అనలేదు. గమనించండి, ఎవరూ గద్దించలేదు, దేవుడి మాటలు ఎత్తలేదు. పెద్దమ్మ ఆమె దగ్గరున్న చేటలోంచి సగం చిక్కుళ్లు ఇటు లాక్కుంది. "నాకూ అనిపించేది. శానా రోజులు. ఎప్పుడొస్తది నీకు, రాత్రా?"

"తెల్లారగట్ల."

"అప్పుడు ఫోన్ చెయ్యి. నేను మేల్కతోనే ఉంట."

ఆశా వర్కరు ఇలాంటి మాటే విని వీళ్లను కిందటేడే ఒక్కొక్కరినీ సూటిగా అడిగింది, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని. అడిగితే ఆలోచన పుడుతుందని మనం భయపడతాం. నిజానికి అడిగితే మనిషి ఊపిరి పీల్చుకుంటుంది. బొగ్గుముక్కతో అరుగు గోడ మీద ఆమె రాసిన అంకెలు ఇంకా ఉన్నాయి: 14416. టెలీ మానస్ నంబరు. ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు.

*

పొద్దు వాలింది. పెద్దమ్మ జొన్న రొట్టెలు కొడుతోంది. గ్యాస్ పొయ్యి ఎత్తుగా బల్ల మీద, ఆమె ఎత్తు స్టూలు మీద. పిండి ముద్ద మీద అరచెయ్యి పడుతున్న చప్పుడు. రెండు రొట్టెలయ్యాయి. ఇంకా నాలుగు చేసే ఓపిక ఉన్నట్టే ఉంది, పిండి కూడా ఉంది. అయినా పెనం దించేసింది.

ఇక్కడే ఆమె నేర్చుకున్నదంతా ఉంది. ఒకప్పుడు కాస్త తెరిపిచ్చిన రోజు దొరికితే చాలు, నెల పనంతా ఆ పొద్దే చేసేది. బట్టలు ఉతికేది, అలికేది, పచ్చళ్లు పెట్టేది. మరునాటి నుంచి మంచం దిగలేకపోయేది. మళ్లీ తెరిపి, మళ్లీ ఉరుకులాట, మళ్లీ పడక. ఆ పడకలోనే దిగులు వచ్చి కూర్చునేది, ఇక దేనికీ పనికిరానని. ఇప్పుడు చాతనైనప్పుడే ఆపుతుంది. బాగాలేని పొద్దున కూడా సగం బకెట్టు నీళ్లు పడుతుంది. ఫిజియోథెరపిస్టులు కూడా చెప్పేది ఇదే. ఆమెకు మాత్రం ఏళ్ల దెబ్బలతో వచ్చింది.

ఎల్బీనగర్ నుంచి బిడ్డ ఫోన్. స్పీకరు ఆన్ చేసి ఫోన్‌ను పిండి డబ్బాకు ఆనించింది.

"పెండ్లికి పోవద్దే అమ్మా. పోయొస్తె మూడు దినాలు పండుకుంటవ్."

"పోకున్నా పండుడే గద."

"గట్లంటే ఎట్ల? ముందు నొప్పి తగ్గనియ్యి..."

"తగ్గినంక బతుకుత అంటే ఎన్నడు బతకాలె?" గొంతులో కోపం లేదు. "మూడు దినాలు పండుకుంట. అది నాకెరికే. పొల్లను పెండ్లి పీటల మీద చూస్త. అది గూడ నాకు కావాలె."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత బిడ్డ, "ఏ చీర కట్టుకుంటున్నవ్?" అనడిగింది. ఆకుపచ్చ అంచుదని పెద్దమ్మ చెప్పింది.

కొడుకు దుకాణం కట్టేసి వచ్చాడు. ఇద్దరూ రేపటి లెక్క వేస్తున్నారు. ఆటో ఎనిమిదింటికి. నడుముకు దిండు పెట్టుకొని డ్రైవరు పక్కన ముందు సీట్లో ఆమె, వెనక అతను. అతని మోకాళ్లకు ముందు సీటు ఇరుకు. పెండ్లి మండపంలో చేతులున్న కుర్చీ ఒకటి గోడ పక్కన వేసి ఉంచమని చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాలి. తలంబ్రాలయ్యాక భోజనాల వరుస కోసం ఆగరు, బయల్దేరేస్తారు. దాచుకున్న గోళీల్లో ఒకటి రేపు పొద్దున, ఒకటి రాత్రి. ఎల్లుండి నుంచి మూడు రోజులు వంట అతనిది. మొదటి రోజు ఉప్మా అన్నాడు.

"మూడు దినాలూ ఉప్మానేనా?" అంది పెద్దమ్మ.

"రెండో దినం చారు చేస్త."

"చింతపండు నానబెట్టుడు నేను చెప్త. గది నీకు రాదు."